సున్నాలో చేపకన్ను

కృష్ణపట్నం నుంచి సూళ్లూరుపేట దాకా గాలించినా నా చెవుల్లాంటి చెవులు దొరకవు. కళ్లకు గంతలు కట్టి ఒక్క తీగ మోగించండి చాలు. అది ఏ గిటారో, ఏ కంపెనీదో, వాయించినవాడు పొద్దున ఇడ్లీ తిన్నాడో దోసె తిన్నాడో కూడా చెప్పేస్తాను.

ఈ మాట పోయిన శనివారం మా చర్చిలో, పాటల ప్రాక్టీసు మధ్యలో అన్నాను. చేతిలో టీ చల్లారేలోపే అబద్ధమైపోయింది. మా జట్టులో ఇంకో గిటారు వాయించే కిషోర్ తన తువ్వాలు తీసి నా కళ్లకు బిగించాడు. అంతకుముందు దానితో పీతలబుట్ట తుడిచాడని నా ముక్కు సరిగ్గానే చెప్పింది. చెవులే మోసం చేశాయి. ఒక గిటారు మోగింది. "అబ్బ, మోతంటే ఇదీ! జడ్సన్ అన్న సిగ్నేచర్ గిటారు!" అన్నాను. ఇంకోటి మోగింది. "ఇది కిషోర్‌గాడి డొక్కు. రేకుడబ్బా మీద గులకరాళ్లు పడ్డట్టుంది" అన్నాను. తువ్వాలు విప్పి చూస్తే రెండూ తారుమారు. అందరూ నవ్వారు, జడ్సన్ అన్న తప్ప.

అన్న ఎందుకు నవ్వలేదో కొత్తగా చదివేవాళ్లకు చెబుతాను. పాతవాళ్లు ఈలోపు మంచినీళ్లు తాగి రండి.

జడ్సన్ అన్న పోర్టులో క్రేను నడుపుతాడు, చర్చిలో లీడ్ గిటారు వాయిస్తాడు. ప్రాణంలా చూసుకునే మోటార్‌సైకిల్ అమ్మేసి, చెన్నైలో ఎవరిదగ్గరో సిగ్నేచర్ గిటారు కొన్నాడు. అంటే గిటారుకు పేరుపడ్డ ఒక విదేశీ దొర తన చేతికి అనువుగా చేయించుకుని, గిటారు తలమీద తన సంతకం వేయించుకున్న మోడల్ అన్నమాట. ఆ దొర పేరు మా నాలుకలకు తిరగదు గనక దొర అనే అంటాం. ఆకారం మాత్రం ప్రపంచంలో సగం గిటార్లకు ఉండేదే, స్ట్రాట్ అనే రెండు కొమ్ముల పాత మోడల్. కొనేముందు అమ్మేవాడు ఫోన్లో వాయించి వినిపిస్తే, ఫోను చెవికి ఆనించుకుని "అసలుదే అన్నా, కళ్లు మూసుకుని తీసుకో" అని తీర్పు చెప్పింది నేనే. ఆ మర్నాటి నుంచి అన్న పోర్టుకు కంపెనీ బస్సులో పోతున్నాడు.

ఇక జీవానందం మాస్టారు. మా చుట్టుపక్కల గిటారు పట్టిన ప్రతివాడికీ మొదట వేళ్లు పెట్టి చూపించింది ఆయనే. అన్న గిటారు చూసి ఆయన ఒక్క మాట అన్నాడు. "పక్కింటోడి ప్లానుతో ఇల్లు కట్టి, మన పేరు బోర్డు తగిలించుకున్నట్టుండాది. సంతకం కొన్నావు సరే, చెయ్యి ఎక్కడ కొంటావురా?"

అన్నకు మండింది. "మీ గిటారు మాత్రం ఏంది మాస్టారూ? మద్రాసులో ఎవడో చేసిన కాపీ. దాని మీద సంతకం కూడా లేదు" అన్నాడు.

మాస్టారు ఏమీ అనలేదు. తన పాత గిటారును సంచిలో పెట్టుకుని, సూళ్లూరుపేటలో ఉన్న కూతురు డెబోరా అక్క ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ ప్రాక్టీసుకు రాలేదు. అన్న ఫోను చేయడు, ఆయన చేయడు. రేపేమో కోత పండగ. పండగ ఆరాధనకు ముందు మాస్టారు ఒక్కడే నిలబడి నెమ్మదిగా ఒక రాగం వాయిస్తాడు. అది విననిదే మా ఊళ్లో గుమ్మడికాయ కూడా పంట అనిపించుకోదు. ఆయన రాకపోతే ఆ రాగం అన్నే వాయించాలి. వాయించలేక కాదు, వాయిస్తే మాస్టారి చోటు లాక్కున్నట్టవుతుందని అన్న నాలుగు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు.

ఇక నేను. పేరు సుశీల్ కుమార్. సుశీలం పేరులోనే ఉంది, బయటికి రాదు. పడవల మీద పేర్లు రాయడం నా పని, చర్చిలో రిథమ్ గిటారు నా సేవ. పోయిన భాగం చివర్లో మేమంతా చర్చిలో చేరాం. గురువారం నుంచి చర్చిలోనే ఉన్న తన గిటారు పెట్టెను జడ్సన్ అన్న తెరిచాడు. తెరిచి, అలాగే కొయ్యబారిపోయాడు.

గిటారు తలమీద దొర సంతకం లేదు. ఆ చోట బంగారు రంగు అక్షరాలతో, మంచి గుండ్రని తెలుగులో, ఒక పేరు ఉంది.

జీవానందం.

"ఎవురు చేసినార్రా ఇది?" అన్నాడు అన్న. ఆ గొంతుకి పోర్టులో ఓడలు వెనక్కి వెళ్లిపోతాయి.

కిషోర్ నా వైపు చూశాడు. నేను ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోవడంలో నేను జిల్లా స్థాయి. నోరు తెరిచాను, కనుబొమలు జుట్టులోకి పంపాను, గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాను. ఎవరు రాశారో పైనున్న దేవుడికీ, ఆ రాసినవాడికీ తప్ప ఇంకెవరికి తెలుసు?

అన్న ఇంకేదో అడిగేలోపు పుష్పకుమారి అత్త వచ్చింది. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. ఆమె పాడితే మైకు అవసరం ఉండదు, అయినా మైకు వదలదు. అప్పుడూ చేతిలో మైకే ఉంది. గిటారు మీది పేరు చూసింది. మొహం మారిపోయింది.

ఇక్కడ మా చర్చి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర వస్తువుల మీద పేరు రాశారంటే ఆ మనిషి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయినట్టే. ఫ్యాను రెక్క మీద కీర్తిశేషులు వందనం గారి జ్ఞాపకార్థం. గోడ గడియారం మీద శాంతమ్మ గారి జ్ఞాపకార్థం. మైకు స్టాండు మీద కూడా ఒకాయన ఉన్నాడు, కాస్త వంగి. బతికున్నవాళ్ల పేరు రాసే అలవాటు మాకు లేదు.

"అయ్యో! జీవానందం అన్నయ్య పోయినాడా!" అంది అత్త.

మైకు ఆన్‌లో ఉంది. గోపురం మీది లౌడ్‌స్పీకర్లు రెండూ ఆ మాటను అందుకుని, ఒకటి పోర్టు వైపుకీ ఇంకోటి ఊరి వైపుకీ పంచేశాయి. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు కూడా ఒక్క క్షణం ఆగాయంటారు. నేను చూడలేదు గానీ రొయ్యలు చెప్పాయి.

"అత్తా, లేదు... అది గాదు..." అన్నాడు జడ్సన్ అన్న.

"నాకు తెలుసు నాయనా, నువ్వు తట్టుకోలేవు. ఆయనతో మాట మాట అనుకున్నావు, ఆయన పోయినాడు. అందుకే గదా ఆయన పేరు రాయించి పెట్టుకున్నావు!" అని అన్న తలను తన భుజానికి అదుముకుంది. చనిపోయినవాళ్ల గౌరవార్థం వెళ్లి ఫ్యాన్లన్నీ ఆపేసింది. మాకందరికీ చెమటలు పట్టాయి. నాకు కాస్త ఎక్కువ.

"ఎట్టా పోయినాడంట?" అని కిషోర్ నన్నే అడిగాడు. వాడిదీ నమ్మే గుణమే.

"మాట్లాడకుండా పోయినాడంట" అన్నాను. అది అబద్ధం కాదు.

అప్పటికే వరండాలో చెప్పులు పోగవుతున్నాయి. ఎవరో పూలదండ కోసం మనిషిని పంపినట్టున్నారు. అత్త ప్రార్థన మొదలుపెట్టి "ప్రభువా, ఈ మంచి మనిషిని" అనేంతలో వాకిట్లో ఒక గొంతు వినబడింది.

"ఎవురమ్మా పోయింది?"

భుజాన గిటారు సంచి, మొహాన బస్సు ఎక్కి దిగిన అలసట, వాకిట్లో జీవానందం మాస్టారు.

అత్త కళ్లు తెరిచింది. "మీరే అన్నయ్యా."

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే తెలిసింది."

"నాకూ ఇప్పుడే తెలిసింది" అన్నాడు మాస్టారు. "బస్సు దిగినా, మైకులో నా పేరే వినబడె. కండక్టరు ఎవురో పాపం అని తల గూడా దించినాడు. నేనూ దించినా."

అత్త ఆయన చెయ్యి గిల్లి చూసుకుని, ఏడుస్తూనే నవ్వి, వరండాలో జనాన్ని ఇళ్లకు పంపడానికి బయటికి వెళ్లింది. మైకు తీసుకునే వెళ్లింది. పోయినాయన పోలేదనే వార్త కూడా రెండు వైపులకూ చేరింది.

లోపల మేం నలుగురం మిగిలాం. మాస్టారు సంచి బల్ల మీద పెట్టాడు, జడ్సన్ అన్న వైపు చూడకుండా.

"నేను ఉండటానికి రాలేదు. ఈ ఉంగరం వేలు మొద్దుబారిపోయింది. తీగ నొక్కితే ఒకటి మోగాల్సిన చోట ఇంకోటి మోగుతా ఉండాది. నా గిటారు గుడికి ఇచ్చేసి పోదామని వచ్చినా. ఒరే సుశీలూ, దాని మీద నా పేరు రాయి. నాలుగు రోజులు ముందైనా ఏం ఫరవాలేదులే, ఎట్టాగూ మైకులో చెప్పేసినారు."

నవ్వుతూనే అన్నాడు. ఎవరం నవ్వలేకపోయాం.

అప్పుడు చూశాడు, అన్న చేతిలోని గిటారును. దగ్గరికి వచ్చి, తలమీది బంగారు అక్షరాలను వేలితో తడిమాడు. కళ్లజోడు పెట్టుకోలేదు, పేరు మాత్రం చదివాడు. మనిషికి తన పేరు చదవడానికి కళ్లజోడు అక్కర్లేదనుకుంటా.

"జడ్సన్... నువ్వు రాయించినావా?"

అన్న మొహం నాకు ఎదురుగా ఉంది. మోటార్‌సైకిల్ పోయింది, దొర సంతకం పోయింది, ఎవడో తన గిటారు మీద పడవకు రాసినట్టు పేరు రాసేశాడు. ఎవడో తెలిస్తే సముద్రంలో కలిపేసేంత కోపం దవడలో కదులుతోంది. ఎదురుగా మాస్టారి కళ్లు మెరుస్తున్నాయి, గడ్డం కింద చర్మం వణుకుతోంది.

అన్న గిటారు తలను మాస్టారికి ఇంకా బాగా కనబడేలా తిప్పాడు.

"అవును మాస్టారూ. నేనే రాయించినా."

"దొర సంతకం తీసేసి?"

"నాకు గిటారు నేర్పింది దొర గాదు గదా."

నా కళ్లలో చెమట పడింది. ఫ్యాన్లు లేవని చెప్పాను కదా.

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. అన్న గిటారును ఆయన ఒళ్లో పెట్టి, వైరు తగిలించాడు. మాస్టారు మెడ పట్టుకుని అటూ ఇటూ చేయి జరిపాడు. నెమ్మదిగా పండగ రాగం ఎత్తుకున్నాడు. ఉంగరం వేలు రెండుచోట్ల వెనకాడింది, మూడోచోట దారిలో పడింది. చివరిదాకా వాయించాడు. మేం ఊపిరి బిగపట్టాం. నేనైతే అప్పటినుంచి ఇంతవరకూ పూర్తిగా వదల్లేదు.

"మెడ సన్నంగా ఉండాదిరా" అన్నాడు మాస్టారు, ఒప్పుకోవడం ఇష్టంలేని గొంతుతో. "వేలు ఎక్కువ వంచే పని లేదు. దొరకు గూడా నాలాగా వేలు నొప్పేమో పాపం."

"అదే మాస్టారూ నేను చెప్పింది!" అన్న ఉత్సాహంగా కిందే కూర్చున్నాడు. "ఆకారం పాతదే, కాదనను. కానీ ఆ పాతదాంట్లో ఈ దొరలు తమకు అడ్డమొచ్చేటివి సరిచేయించుకుంటారు. మెడ సన్నం చేయిస్తారు, తీగల మోత పట్టే పికప్‌లు మార్పిస్తారు. కాపీ కొట్టినట్టు గాదు, పాత చొక్కా కొలతకు కుట్టించుకున్నట్టు."

"చొక్కా కొలతకు కుట్టించుకుంటే తప్పులేదు. దాన్ని నేనే కనిపెట్టినానని కాలరు మీద సంతకం పెట్టుకుంటేనే నాకు ఒళ్లు మండేది. ఆ ఆకారం మొదట గీసినోడు ఎవడో, వాడి పేరు యాడన్నా ఉండాదా?"

కిషోర్ అందుకున్నాడు. వాడు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు వాయిస్తాడు, వేకువన వాళ్ల నాయనతో వేటకు పోతాడు. "మాకు ఈ గోల లేదు మాస్టారూ. రేవులో ఫైబరు పడవలన్నీ ఒకే అచ్చులో పోసినవే. ఒకడు గంగమ్మ అంటాడు, ఒకడు కూతురి పేరు పెడతాడు. కాపీ కొట్టినావని ఎవుడూ కొట్లాడడు. పడవ ఎవురిదంటే పేరు చూడం, అలలో ఎవడు నడిపినాడో చూస్తాం."

"మరి పేరు ఎందుకురా రాయించుకుంటారు?"

"గుర్తుకు మాస్టారూ. ఎవురి మీద ఇష్టముంటే వాళ్ల గుర్తుకు."

మాస్టారు ఆ మాటకు మెల్లగా తలూపాడు. "నా పాత గిటారుదీ ఇదే ఆకారం. మొన్న నువ్వు కాపీ అన్నావే, నిజమే. నేను కొన్నప్పుడు మా మాస్టారు నన్ను ఇదే మాట అన్నాడు. నాకూ ఇట్నే రోషమొచ్చింది. ఆ రోషంతోనే నేర్చుకున్నా." అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు దీంతోనే వాయిస్తాలే. రెండో గొంతు నా కాపీ మీద నువ్వు వాయించు."

అన్న తలదించుకుని మాస్టారి చెప్పులకేసి చూస్తూ "సరే" అన్నాడు. ఆ ఒక్క మాట నాలుగు రోజుల ఆకలంత ఉంది.

ఈ భాగం ఇక్కడ ఆగిపోయుంటే నా బతుకు ఎంత బాగుండేది! అందరూ సంతోషంగా ఉన్నారు. చేసినవాడెవడో తెలియదు. నేను మెల్లగా లేచి, పుష్పకుమారి అత్తకు సాయం చేయాలనే కోరిక పుట్టుకతోనే ఉన్నవాడిలా తలుపు వైపు నడిచాను.

వెనక మాస్టారు జేబులోంచి కళ్లజోడు తీసిన చప్పుడు వినిపించింది. అలాంటివి నా చెవులకు బాగా వినిపిస్తాయి.

"రాత మాత్రం ముచ్చటగా ఉండాది. జీ... వా... నం... దం. ఇదేందిరా, రెండు సున్నాలూ నన్నే చూస్తా ఉండాయి?"

నా కాళ్లు ఆగాయి.

పడవకు ముందువైపు రెండు కళ్లు పెట్టడం మా దగ్గర అలవాటు, దారి చూసుకుంటుందని. నాకు పని నేర్పినవాళ్లు పేరుకంటే ముందు కన్ను నేర్పారు. గుండ్రం, మధ్యలో చుక్క. అప్పటినుంచి గుండ్రంగా ఏది గీసినా నా కుంచె ఆగదు, మధ్యలో చుక్క పెట్టేదాకా. సున్నా రాస్తే సున్నాలో చుక్క పడుతుంది. అది నాకు తెలియదు. చేతికి తెలుసు.

మాస్టారు తలెత్తి పైకి చూశాడు. మామూలుగా అయితే తిరిగే ఫ్యాను మీద ఏ అక్షరమూ కనబడదు. అత్త వాటిని ఆపేసింది కదా, ఆయన చావు గౌరవార్థం. రెక్క మీద కీర్తిశేషులు వందనం గారు నిశ్చలంగా, ప్రతి సున్నాలోంచీ చేపకన్నేసి కిందికి చూస్తున్నారు. గడియారం మీద శాంతమ్మ గారూ అంతే. జ్ఞాపకార్థం అనే మాటకు చివర సున్నా ఉండటం తెలుగు భాష నాకు చేసిన ద్రోహం. కిటికీలోంచి రేవులో కిషోర్ వాళ్ల పడవ కనబడుతోంది. గంగమ్మ. ఆ తల్లి కూడా ఒంటికన్నుతో నన్నే చూస్తోంది.

"సుశీలూ" అన్నాడు మాస్టారు. "ఇట్రా నాయనా."

వెళ్లాను. ఆశ్చర్యపోదామని చూశాను గానీ కనుబొమలు లేవలేదు.

"జడ్సన్ నీచేత రాయించినాడా?"

అన్న నా కళ్లలోకి చూశాడు. అవునని చెప్పు, ఈ ముసలాయన సంతోషం చెడగొట్టకు అని ఆ చూపు. అంత మంచివాడి ముందు అబద్ధం చెప్పడం నాకు మొదటిసారి కష్టమైంది.

"లేదు మాస్టారూ. అన్నకు తెలీదు. నేనే రాసినా. మీకోసం రాయించినానని అన్న చెప్పింది, మీ మొహం చూసి."

మాస్టారు అన్న వైపు తిరిగాడు. "అట్టనా" అన్నాడు. "అయితే ఇంకా ఎక్కువేరా." అని గిటారును గుండెకు ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు. నాకు గండం గడిచిందనిపించింది. తిట్లు లేవు, దెబ్బలు లేవు. వెనక్కి ఒక అడుగు వేశాను.

"ఆగరా. రాసింది సరే. దొర సంతకం ఎట్టా పోయింది?"

"అదీ... తుడిచేసినా."

"దేంతో?"

"గుడ్డతో."

"కంపెనీ సంతకం వార్నిషు కింద ఉంటుందిరా. గుడ్డతో కాదుగదా, గీకినా రాదు."

అన్న మొహంలోంచి రంగు దిగిపోవడం చూశాను. రాకూడదని నేను గురువారం నుంచి మొక్కుకుంటున్న ప్రశ్న వచ్చేసింది. జేబులో చెయ్యి పెట్టి గుడ్డ బయటికి తీశాను. పారేయడానికి మనసొప్పక మోసుకు తిరుగుతున్నాను. మడత విప్పాను. గుడ్డ మీద దొర సంతకం, ఒక్క అక్షరం చెరగకుండా, బొట్టుబిళ్లలా అతుక్కుని ఉంది.

"గురువారం ఫ్యానుకు రంగేసే పని మీద వచ్చి, నీ పెట్టె తెరిచి దొంగతనంగా వాయించినా అన్నా. చేతికి రొయ్యల పచ్చడి నూనె ఉండె. తలమీద అంటుకుంటే తడిగుడ్డతో తుడిచినా. సంతకం గుడ్డతోపాటే వచ్చేసింది. ఉత్త స్టిక్కరన్నా. ఖాళీగా చూస్తే నీ గుండె పగులుతుందని, అల్లరికి ఎవడో రాసినాడనుకుంటావని, మాస్టారి పేరు రాసినా."

బయట అత్త మైకులో ఎవరికో నవ్వుతూ ఏదో చెబుతోంది.

"స్టిక్కరా" అన్నాడు అన్న. ఒక్కొక్క అక్షరం మోసుకొచ్చినట్టు అన్నాడు. "అయితే ఇది దొర గిటారు గాదు. కాపీకి కాపీ." తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "నువ్వు విన్నావు గదరా. బండి అమ్మేముందు నీకే గదా ఫోను ఇచ్చినా. అసలుదేనని చెప్పినావు గదా, నీ చెవులు విని?"

పెద్ద పెద్ద మాటలన్నీ నోటిదాకా వచ్చి, తలుపు దగ్గర చెప్పుల్లా ఆగిపోయాయి.

"ఆ రోజు ఫోన్లో నాకు గిటారు వినపడలేదన్నా" అన్నాను. "బస్సు హారను ఒక్కటే వినపడింది."